చప్పట్ల ట్రాకు

“ఒకవేళ అందులో మీ నానమ్మ లేకపోతే?” అంది తల్లి.

కూతురు ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. తను పనిచేసే స్టూడియోలో, పాత అలమార వెనకాల, ఆ పాట అసలు టేపు దొరికిందని గుమ్మంలోనే చెప్పింది, అంతే. మంచి కబురు విన్నాక సంతోషపడటానికి మనిషికి కాస్త వ్యవధి కావాలి. తల్లి ఆ వ్యవధిని భయపడటానికి వాడుకుంది.

“అమ్మా, ముందు నన్ను లోపలికి రానిస్తావా?”

“రా. వచ్చి మెల్లిగా చెప్పు. ఆవిడకి వినపడుతుంది.”

ఆవిడ అంటే అత్తగారు. వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని పక్కింటావిడతో మాట్లాడుతోంది. మాట్లాడుతోందంటే, పక్కింటావిడ వింటోంది.

“టేపు దొరకడం మంచిదే కదమ్మా?”

“మంచిదే. దొరకనన్నాళ్లూ ఇంకా మంచిదిగా ఉండేది.”

ఆ పాట తెలియనివాళ్లు ఊళ్లో లేరు. స్టూడియోకి పేరొచ్చింది ఆ పాటతోనే. పల్లవి రెండోసారి వచ్చేటప్పుడు వాయిద్యాలన్నీ ఆగిపోయి ఉత్త చప్పట్లు వినిపిస్తాయి. రేడియోలో వచ్చినా, బస్సులో వచ్చినా ఆ చోటు రాగానే ఎవరో ఒకరు చేతులు కలపక మానరు. ఆ చప్పట్లు కొట్టింది తనేనంటుంది అత్తగారు. స్టూడియో పక్కన కుట్టు షెడ్డులో పనిచేసే రోజుల్లో, ఓ మధ్యాహ్నం స్టూడియో మనిషి పరిగెత్తుకొచ్చి మిషన్ల ముందున్న ఆడవాళ్లని లేపుకెళ్లాడట. వీధిలో ఆవిడ పేరే చప్పట్ల మామ్మ. పిల్లలు దారిలో ఆపి మరీ కొట్టించుకుంటారు.

తల్లికి మాత్రం ఎప్పుడూ నమ్మకం కుదరలేదు. రికార్డు అట్ట మీద పాడినవాడి పేరుంది, రాసినవాడి పేరుంది, అట్టకి బొమ్మ గీసినవాడి పేరు కూడా ఉంది. చప్పట్ల ఊసే లేదు. పైగా సర్కసులో పులి తనని చూసి తల దించుకుందని చెప్పే మనిషి అత్తగారు. పులిని నమ్మలేనప్పుడు చప్పట్లని ఎక్కడ నమ్మడం? అయినా ఇన్నేళ్లూ తల్లి ఒక్క మాట అనలేదు. ఎవరికీ నష్టం లేని గొప్ప, పోనీలే అనుకుంది.

ఇప్పుడలా పోయేట్టు లేదు. ఇంకో మూడు రోజుల్లో స్టూడియో తలుపులు జనానికి తెరుస్తున్నారు. గేటు దగ్గర్నుంచి పెద్ద హాలు దాకా ఉన్న నడవా గోడ నిండా స్టూడియో చరిత్రంతా ఫొటోలుగా పెడుతున్నారు. మొదటి మైకు, మొదటి మిషను, పాడినవాళ్లు, వాయించినవాళ్లు, కింద పేర్లు. పోయిన వారం అత్తగారు మనవరాలితో వెళ్లి ఆ గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, మేనేజర్ని పట్టుకుంది.

“బాబూ, నేనేరి?”

“పెద్దమ్మగారూ, రికార్డులో వినిపించే వాళ్లందర్నీ పెడుతున్నామండి. మీరున్నట్టు ఏదైనా ఆధారం ఉంటే...”

“ఆధారమెందుకు లేదు?” అని అత్తగారు అక్కడికక్కడే రెండు చేతులూ చాచి కొట్టి చూపించిందట. నిచ్చెన మీద మేకు కొడుతున్నవాడు ఉలిక్కిపడి సుత్తి జారవిడిచాడట.

అసలు టేపు దొరికితే అందులో ఎవరి చప్పుడు వాళ్లది విడివిడిగా ఉంటుందని, అప్పుడు తేలిపోతుందని మేనేజరు అన్నాడు. అది పట్టుకుని అత్తగారు వీధి వీధంతా పిలిచేసింది. ఆ రోజు గోడ మీద ఆవిడ పేరు చూడటానికి మంగలి షాపతను కూడా కొట్టు మూసుకుని వస్తున్నాడు.

“వాళ్లందరి ముందూ ఆవిడ లేదని తేలితే? ఈ వయసులో ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది? గుండె ఆగిపోతే?” అంది తల్లి.

“అమ్మా, అసలు టేపు మోగితే కదా!” కూతురు సంచీ దించింది. “ఇన్నేళ్లూ చెమ్మలో ఉండి జిగురు జిగురైపోయింది. ఇప్పుడు మిషను మీద పెడితే పూత ఊడొస్తుంది. ముందు సన్నటి వేడి మీద పగలంతా ఆరబెట్టాలి. అప్పుడు మోగుతుంది. మా దగ్గరున్న వేడి పెట్టె పాడైంది.” కూతురు వంటింటి మూల వైపు చూసింది.

తల్లి కూడా అటు చూసింది. అక్కడ ఆవిడ ఆకులు ఆరబెట్టుకునే కరెంటు పెట్టె ఉంది. పుదీనా ఆకులు, నిమ్మతొక్కలు అందులో ఆరబెట్టి, టీలో వేసుకునే పొట్లాలు కట్టి కొట్టుకి వేస్తుంది.

“నా పెట్టెలోనా? దేవుడా! కాలిపోతే?”

“నీ చేతిలో ఏదీ కాలదమ్మా. కాలుతుందేమోనని నువ్వు పక్కనుంచి లేవవు కదా.”

పొగిడిందో వెక్కిరించిందో తల్లికి తెలియలేదు. ఈలోపు వెనక గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

“టేపు దొరికిందా? నాకెందుకు చెప్పరు? నేనేమైనా పరాయిదాన్నా?”

మర్నాడు తెల్లవారుతూనే తల్లి పెట్టె ఖాళీ చేసింది. తట్టలన్నీ తీసి సబ్బుతో కడిగి, పొడిబట్టతో తుడిచి, ఆ తుడిచిన బట్టనే వాసన చూసింది.

“పుదీనా వాసన పోలేదే. పాటకి వాసన పట్టుకుంటే?”

“పట్టుకుంటే పాడినాయన గొంతు బాగవుతుందిలే,” అన్నాడు ఆవిడ భర్త, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. “జలుబు గొంతు ఆయనది.”

కూతురు పసుపుపచ్చటి అట్టపెట్టెలోంచి రీలు తీసింది. తల్లి అనుకున్నంత చిన్నది కాదు, భోజనం పళ్లెమంత ఉంది. బొటనవేలంత వెడల్పు టేపు, గోధుమరంగుది, చుట్టలు చుట్టలుగా ఉంది. తట్టలు తీసేసిన పెట్టెలో దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన వేడి కొలిచే గాజుగొట్టం పెట్టి, మీట ఎక్కడ ఉండాలో సుద్దముక్కతో గీత గీసింది.

“ఈ గీత దాటనివ్వకు. మధ్యమధ్యలో రీలుని అటుది ఇటు తిప్పు. సాయంత్రం ఆపేసి, చల్లారేదాకా తలుపు తియ్యకు.”

“నువ్వుండవా?”

“గోడకి ఫొటోలు ఎక్కించేది ఎవరు మరి?”

తండ్రీకూతుళ్లు వెళ్లిపోయారు. తల్లి ఒక ముక్కాలిపీట లాక్కుని పెట్టె ఎదురుగా కూర్చుంది. కాసేపటికి వెనక గదిలోంచి కుర్చీ ఈడ్చుకుంటూ అత్తగారు వచ్చి పక్కన వేసుకుంది. ఇద్దరూ పెట్టె తలుపుకున్న చిన్న గాజు బిళ్లలోంచి లోపలికి చూస్తూ కూర్చున్నారు. లోపల గాలిపంకా బొయ్యిమని తిరుగుతోంది.

“ఏమ్మాయ్, కాన్పుగది ముందు కూర్చున్నట్టు లేదూ?” అంది అత్తగారు.

“అలా అనకండి అత్తయ్యా, నాకసలే భయంగా ఉంది.”

“నీకు ఎప్పుడు లేదు గనక? పెళ్లినాడు దండ బరువుకి మెడ పట్టేస్తుందేమోనని అడిగిన మనిషివి.”

“పట్టేసింది కదా మరి!”

అత్తగారు నవ్వింది. నవ్వి, వేళ్లు విరుచుకుని, ఆ రోజు సంగతి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కొత్తగా ఏం కలిపి చెబుతుందోనని తల్లి చెవి పెట్టి విన్నది. ఏమీ కలపలేదు. పెద్ద హాలు. నేల మీద తివాచీ. తివాచీ చప్పుడు పీల్చేసుకుంటుందని, ఆడవాళ్లందర్నీ చెక్క పలకల మీద నిలబెట్టారు. చెవికమ్మలు ఊగితే వినపడతాయని తీయించేశారు. ఎవరూ దగ్గకూడదు. అందరికంటే నవ్వు ఆపుకోలేనిది తనే.

“గళ్లగౌను పిల్ల ఉండేది నా పక్కన. గుండీలు కుట్టేది. దానికి నత్తి. మాట తడబడేది గానీ చెయ్యి తడబడేది కాదు. ఆ తర్వాత కోపిష్టక్క. ఆవిడ చప్పట్లు కొడితే ఎవర్నో లెంపకాయ కొట్టినట్టుండేది. అందరం ఎంత పొగరుగా తిరిగొచ్చామనుకున్నావ్ షెడ్డుకి! ఆ సాయంత్రం కుట్టిన చొక్కాలన్నిటికీ కాలర్లు వంకరే.”

మధ్యాహ్నం ఎండ వంటింటి గోడ మీదికి పాకింది. తల్లి గుడ్డ పట్టుకుని రీలు తిప్పి పెట్టింది. గాజుగొట్టంలో గీత చూసింది. మీట చూసింది. మళ్లీ గీత చూసింది. తిరిగొచ్చి కూర్చునేసరికి అత్తగారి తల కుర్చీ వీపు మీదికి వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. నిద్రలో ఆవిడ చాలా చిన్నగా కనిపించింది.

ఈవిడని ఎల్లుండి కాదు, రేపే తీసుకెళ్లాలి స్టూడియోకి. మిషను తిరుగుతుంది. అందులో ఎవరో ఉంటారు, ఈవిడ ఉండదు. అప్పుడు ఈ మొహం ఎలా ఉంటుందో తల్లి ఊహించుకుంది. ఊహించుకోవడంలో ఆవిడకి ఎవరూ సాటి రారు. మంగలి షాపతను మర్యాదకి తల తిప్పుకోవడం, పిల్లలు దారిలో ఆపడం మానెయ్యడం, కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉండటం, అన్నీ వరసగా కళ్లముందు నిలిచాయి.

చేతికందేంత దూరంలో మీట ఉంది. సుద్దగీత దాటి రవ్వంత తిప్పితే చాలు. టేపు మాడిపోతుంది. అయ్యో అంటారు. తననెవరూ అనుమానించరు కూడా. కాలిపోతుందని ముందునుంచీ అంటూనే ఉంది కదా. ఓ నాలుగు రోజులు తిట్టుకుంటారు, మర్చిపోతారు. అత్తగారు చప్పట్ల మామ్మగానే ఉండిపోతుంది.

తల్లి లేచింది. మీట మీద రెండు వేళ్లు వేసింది. మీట వెచ్చగా ఉంది.

“ఏమ్మాయ్,” అంది అత్తగారు, కళ్లు తెరవకుండానే. “వేడి ఎక్కువవుతోందా?”

“లేదత్తయ్యా. చూస్తున్నానంతే.”

“చూడు, చూడు. జాగ్రత్త. గళ్లగౌను పిల్ల పోయింది. కోపిష్టక్క పోయింది. వాళ్లది ఒక్క ఫొటో కూడా లేదు ఎవరి దగ్గరా. వాళ్ల చేతులు ఇంకెక్కడా లేవే, అందులోనే ఉన్నాయి.”

మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

తల్లి వేళ్లు తీసేసింది. అబద్ధమైతే మాత్రం, ఇంత సాదాగా, నిద్రలో ఎవరు చెబుతారు? ఒంగుని సుద్దగీత చూసింది. మీట అటు ఇటు జరగలేదు. అయినా ఎందుకైనా మంచిదని వెంట్రుకవాసి వెనక్కి తిప్పింది. సాయంత్రం దాకా ఇంక ఆ పీట మీద నుంచి లేవలేదు.

పొద్దున్నే టేపుని తువ్వాలులో చుట్టి, మీద దుప్పటి చుట్టి, తల్లి రెండు చేతులతో గుండెలకి హత్తుకుని బస్సెక్కింది. కూతురు తెస్తానంటే ఇవ్వలేదు. బస్సు కిటకిటలాడుతోంది. ఒకాయన గబుక్కున లేచి చోటిచ్చాడు.

“కూర్చోండమ్మా. ఎన్నో నెల?” అన్నాడు దుప్పటి వైపు వంగి చూస్తూ.

తల్లి బిక్కమొహం వేసింది.

“నా కొడుక్కంటే కాస్త పెద్దది బాబూ. ఏడవదు, పాడుతుంది,” అంది అత్తగారు వెనకనుంచి.

స్టూడియో నడవాలో రంగు వాసన, కొత్త చెక్క వాసన కలిసి వస్తున్నాయి. గోడ మీద ఫొటోలు వరసగా ఎక్కేశాయి. ఒకచోట మాత్రం మేకు ఉంది, ఫొటో లేదు. అత్తగారు ఆ మేకు ముందు ఆగి, ఎత్తు సరిపోతుందా అన్నట్టు చూసి ముందుకు కదిలింది. తల్లి దుప్పటి మూటని ఇంకాస్త గట్టిగా హత్తుకుంది.

మిషన్ల గదిలో సైలెన్సు తాత ఎదురొచ్చాడు. ఆ పాట రికార్డు చేసింది ఆయనే. పనిచేసినన్నాళ్లూ సైలెన్స్ అని అరిచీ అరిచీ ఆ పేరు పడింది. రిటైరై ఇంట్లో ఉంటున్నవాణ్ణి ఈ వేడుక కోసం పిలిపించారు. అత్తగారిని చూసి నమస్కారం పెట్టాడు, చూపు మాత్రం మిషను వైపు తిప్పుకున్నాడు. తల్లి అది గమనించింది. ఆయనకి తెలుసు, అనుకుంది. ఈవిడ లేదని ఆయనకి తెలుసు.

కూతురు రీలు ఎక్కించింది. టేపు కొసని చక్రాల మధ్యనుంచి లాగి, అవతలి ఖాళీ రీలుకి చుట్టి, మీట నొక్కింది.

స్పీకర్లలోంచి వచ్చింది మనిషి గొంతు కాదు. నీళ్లలో మునిగిపోతూ ఎవరో తిడుతున్నట్టుంది. మధ్యమధ్య ఏదో సూదిలా లోపలికి పీల్చుకుపోతోంది.

“కాల్చేశాను!” అంది తల్లి. అక్కడే నేలమీద కూలబడిపోయింది. “నేను చెప్పలేదూ? కాల్చేశాను! వేలు పెట్టాను, తీసేశాను గానీ, పెట్టినప్పుడే కదిలిపోయిందేమో! అత్తయ్యా, మీ గళ్లగౌను పిల్లని నేనే...”

సైలెన్సు తాత మిషను ఆపి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“లేవమ్మా, లే. ఏమీ కాలలేదు. మేము వాయించాక టేపు వెనక్కి చుట్టేవాళ్లం కాదు, అలాగే పెట్టెలో పెట్టేసేవాళ్లం. అలా ఉంటేనే టేపు బాగుంటుంది. నీ కూతురు తొందర్లో తిప్పి చుట్టకుండా ఎక్కించింది. పాట తోక నుంచి మొదలైంది, అంతే.”

కూతురు నాలిక కరుచుకుంది. “అయ్యో, నాకు తెలుసు తాతా! కంగారులో మర్చిపోయాను.”

“నీది మీ అమ్మ పోలికే,” అంది అత్తగారు. కోడలి చెయ్యి పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, “ఏమన్నావ్, వేలెక్కడ పెట్టావ్?” అని అడిగింది.

“ఎక్కడా లేదు అత్తయ్యా. తర్వాత చెబుతాను.”

టేపు తిప్పి చుట్టారు. మళ్లీ మీట నొక్కారు.

ఈసారి డ్రమ్ము మోగింది. అది కూడా నిన్ననే వాయించినట్టు. బల్ల మీద వరసగా ఎనిమిది మీటలున్నాయి. రేపు జనం వచ్చినప్పుడు ఒక్కో మీట వాళ్ల చేతే పైకి తోయిస్తారట, తోసిన మీటది మాత్రమే వినిపిస్తుందట. కూతురు ఒక్కొక్కటే పైకి తోసింది. గిటారు వచ్చింది. పోయింది. వయొలిన్లు వచ్చాయి, వాయించేముందు ఎవరో కాగితం తిప్పిన చప్పుడుతో సహా. పాడినాయన గొంతు ఒక్కటే వచ్చేసరికి అందరూ ఊపిరి బిగబట్టారు. ఎంత దగ్గరగా ఉందంటే, చరణానికీ చరణానికీ మధ్య ఆయన ముక్కు ఎగబీల్చుకోవడం కూడా తెలిసింది.

“జలుబే! మీ నాన్న ఎప్పుడూ అంటారు,” అని తల్లి చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. భయం సంగతి మర్చిపోయి నవ్వేస్తోంది. తమ వంటింట్లో పగలంతా వెల్లకిలా పడుకున్న రీల్లోంచి ఇంతమంది మనుషులు లేచి వస్తున్నారు.

ఏడో మీట పైకి వెళ్లింది. మొదట ఏమీ లేదు. పల్లవి తిరిగొచ్చే చోటు వచ్చింది.

చప్పట్లు. ఫెళ్లున, ఒక్కసారిగా, కత్తిరించినట్టు.

“అదిగో!” అత్తగారు కుర్చీలోంచి లేచిపోయింది. “అదిగో నేను! విన్నావా ఏమ్మాయ్, విన్నావా? నేనేం పులి కథ చెబుతున్నాననుకున్నావా?”

తల్లికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “విన్నానత్తయ్యా, విన్నాను.” ఎన్నేళ్ల అనుమానమో ఒక్కసారిగా దిగిపోయి ఒళ్లు తేలికైంది. మీటకి వేలు తగిలించిన తన చేతిని తనే గిల్లుకుంది.

తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. పేర్లు రాసేవాడు బయట కుంచె పట్టుకుని నిలబడ్డాడని, ఏం రాయమనాలో చెప్పమని అడిగాడు.

“రాయించు బాబూ. ముందు గళ్లగౌను పిల్ల...” అని అత్తగారు మొదలుపెట్టింది.

తల్లి సైలెన్సు తాత వైపు చూసింది. ఆయన సంతోషపడుతున్నట్టు లేడు. ఆయన అరచెయ్యి బల్ల మీద చివరి మీట మీదికి వెళ్లి, దాన్ని కప్పేసి, అక్కడే ఉండిపోయింది.

“ఎనిమిదోది ఖాళీ అమ్మా. అది ఎత్తొద్దు,” అన్నాడు కూతురితో, మామూలుగా.

“చప్పుడు కొలిచే ముల్లు కదులుతోంది తాతా.”

“చెమ్మకి అలాగే కదులుతుంది.”

ఆ చెయ్యి తల్లికి తెలుసు. వేడి పెట్టె మీట మీద నిన్న తను వేసిన చెయ్యి లాంటిదే. వద్దు, ఎత్తకు అని అరవబోయింది. కూతురు నవ్వుతూ ఆయన వేళ్లు పక్కకి తీసి మీట పైకి తోసేసింది.

కుర్చీలు జరిగిన చప్పుడు. ఆడవాళ్ల కిలకిలలు. “సైలెన్స్!” అని ఒక కుర్రగొంతు. ఇంకా ఎక్కువ కిలకిలలు. తర్వాత చప్పట్లు. మెత్తటి, గుత్తిగా పడే, మనుషుల చేతుల చప్పట్లు. అందరి చేతులూ పడ్డాక, వాటి వెనకాల, ఇంకొకటి. ఒక్కటే. మళ్లీ అందరూ. మళ్లీ వెనకాల ఒక్కటే.

“ఆపండి, ఆపండి,” అంది కుర్రగొంతు. “చివర నిలబడ్డ అమ్మాయ్! నీ చేతులు బస్సు దొరక్క నడిచొస్తున్నాయా?”

“మీ పాటే రైలెక్కినట్టు పరిగెడుతోంది. దాన్ని కాస్త ఆగమనండి!”

ఆ గొంతు ఎవరిదో చెప్పాల్సిన పని లేదు. వయసు తప్ప ఏమీ మారలేదు. గదిలో అందరూ పకపకా నవ్వేశారు, టేపులోనూ బయటా. కుర్రగొంతు మళ్లీ లెక్క పెట్టింది. మళ్లీ చప్పట్లు పడ్డాయి. మళ్లీ వాటి వెనకాల, తీరిగ్గా, ఒక్కటే.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏడో మీట చప్పట్లలో అలాంటిదేమీ లేదు.

“మరి ఏడోది?” అంది అత్తగారు.

సైలెన్సు తాత కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. “షెడ్డు యజమాని మిమ్మల్ని పిలుచుకుపోయాడు కదండీ. మళ్లీ తీయడానికి మనుషుల్లేరు. డ్రమ్ములాయనా నేనూ కాళ్లవి విప్పి... అడుగుకి అడుగు వేసి కొట్టాం.”

“కాళ్లవంటే?”

“చెప్పులండీ. తోలు చెప్పులు.”

ఊరు ఊరంతా చేతులు కలిపేది రెండు జతల చెప్పులతోనని అందరికీ ఒకేసారి తెలిసింది.

“ఎప్పుడైనా చెప్పుండాల్సింది,” అన్నాడు ఆయన. “బజార్లో మిమ్మల్ని పిల్లలు ఆపడం చూసేవాణ్ణి. నోరు రాలేదు.”

మేనేజరు ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. “అయితే రికార్డులో వీళ్లు లేనట్టే లెక్క కదా.”

“రేపు ఈ మీట ఉంచితే వినపడతారు కదా సార్,” అంది కూతురు. “ఎనిమిదీ ఉంచితే ఎనిమిదీ వినపడతాయి.”

“ఉంచడానికి నాకేం అభ్యంతరం? పేర్లు కూడా రాయిస్తాను. కానీ వచ్చిన ప్రతివాళ్లూ ఆ ఆలస్యం వింటారు, ఆ తిట్టూ వింటారు. ఆవిడకి ఇష్టమేనా అని.”

అత్తగారు ఎవరి వంకా చూడలేదు. దళసరి తలుపు తోసుకుని, గాజు అద్దం అవతల ఉన్న పెద్ద హాల్లోకి వెళ్లిపోయింది. అక్కడ ఎవరూ లేరు. మడిచిన కుర్చీలు గోడకి ఆనించి ఉన్నాయి. మధ్యలో ఒక్క మైకు. ఆవిడ తివాచీ దాటి చెక్క పలకల దాకా నడిచి, వీపు ఇటు తిప్పి నిలబడింది.

కూతురు లోపలివాళ్లతో మాట్లాడే మైకు నొక్కింది. “నానమ్మా, ఏం చేద్దాం? ఉంచమంటావా, మూసెయ్యమంటావా?”

అత్తగారు తిరగలేదు. భుజాలు కూడా కదల్లేదు.

ఏ వేళా ఊరుకోని మనిషి ఊరుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో తల్లికి ఆ అద్దంలోంచి కనిపించింది. కళ్లు తిరుగుతున్నాయేమో. గుండె పట్టేసిందేమో. ఇంక ఎప్పుడూ మాట్లాడదేమో. ఇన్నాళ్లూ లేదని తేలుతుందని భయపడింది, ఉందని తేలితే ఇలా అవుతుందని మాత్రం తోచలేదు. ఊహించుకోవడం తెలిసిన తనకే తోచలేదు.

తలుపు బరువుగా ఉంది. భుజంతో తోసి లోపలికి వెళ్లింది. హాల్లో ఎంత నిశ్శబ్దమంటే తన ఊపిరి తనకే వినిపించింది. మూసేయిద్దాం అత్తయ్యా, ఎవరికీ తెలియదు, అని చెప్పడానికే వచ్చింది. పక్కకి వెళ్లి నిలబడి చూస్తే అత్తగారు తన రెండు అరచేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటోంది. ఆ చేతులు చూశాక తల్లికి అనుకున్న మాట రాలేదు.

“ఉంచమందామా అత్తయ్యా?” అంది.

అత్తగారు అరచేతుల మీదినుంచి చూపు తిప్పలేదు. అద్దం అవతల ముగ్గురూ నిలబడి చూస్తున్నారు. మేనేజరు గడియారం వంక చూసుకోబోయి మానేశాడు. సైలెన్సు తాత కళ్లజోడు ఇంకా చేతిలోనే ఉంది. తల్లి జీవితంలో మొదటిసారి, ఏమవుతుందోనని ఊహించకుండా ఊరికే నిలబడింది.

అత్తగారు చేతులు దించి, మైకు వైపు తిరిగింది.

“ఉంచవే,” అంది. “అందరితో కలిపి కొట్టుంటే, అందులో నేనెవరో మీకెలా తెలిసేది?”